కమిటీవారు ఏమంటారండి

మొన్న ఆదివారం అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే సంచిలో ఫోను కుయ్యిమంది. మా లంకవాసుల సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో కుర్రవాడు, కొత్త కార్యవర్గంలో పాతవాళ్ళ పేరొకటి ఉంటే నిండుగా ఉంటుందనీ, నా పేరు పెట్టేస్తున్నామనీ, పనేమీ ఉండదనీ, ఫోటో ఒకటి పంపితే చాలనీ రాశాడు. ఆ 'పనేమీ ఉండదు' దగ్గరే ఆగిపోయాను. జనం తోసుకుంటూ పోతున్నా పక్కనున్న కమ్మీ పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. డెబ్బైకి దగ్గరపడిన మనిషి ఒక మెసేజీకి హడలిపోయిందంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, కానీ నా వయసువాళ్ళయితే ఇది విన్నాక నవ్వండి.

మాది గోదావరి మధ్యనున్న లంక. చుట్టూ నీళ్ళు, నడుమ కొబ్బరీ అరటీ, వాటి మధ్య మేమూ. బియ్యం తెచ్చుకోవాలన్నా, జ్వరానికి మందు కావాలన్నా రేవు దాటాల్సిందే. నాన్న పోయాక అన్నయ్య పడవ నడిపి ఇల్లు గడిపాడు, నన్ను చదివించాడు. ఆ చదువు పుణ్యమా అని లక్డీకాపూల్‌లో గుమాస్తా ఉద్యోగం దొరికి, అమీర్‌పేటలో ఒక సందులో మేడమీది గది అద్దెకు తీసుకున్నాను. కింద ఇంటివాళ్ళు ఉండేవారు. ఆ ఇంటావిడను ఖాలా అని పిలిచేదాన్ని. ఉర్దూలో పిన్ని అన్నమాట, నిజంగానే పిన్నిలాగే చూసుకునేది.

హైదరాబాదులో స్థిరపడ్డ మా లంకవాళ్ళం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. ప్రెసిడెంటు వరసకు మాకు బాబాయి, పంజాగుట్టలో ఆయనకు బట్టల కొట్టు ఉండేది. నెలకోసారి ఆయన ఇంట్లో చేరి, బాబాయి భార్య పెట్టిన ఉప్మా తిని, ఊరిని ఉద్ధరించి ఎవరిళ్ళకు వాళ్ళం పోయేవాళ్ళం. జీతం లేదు, భత్యం లేదు, ఆ మాటకొస్తే అనుభవమూ లేదు. ఆడవాళ్ళెవరూ లేకపోతే బాగుండదని నన్ను జాయింటు సెక్రటరీని చేశారు. ఖాలా ఇంట్లో ఫోను ఉందన్నది అసలు కారణమని నాకు తరవాత అర్థమైంది. అయినా ఊరికి ఇంజను పడవ కొనిపెట్టగలిగాం, దాన్ని నడిపే పని అన్నయ్యకు అప్పగించాం.

ఒక ఏడాది ఆ పడవలో పెళ్ళివారు పరిమితికి మించి ఎక్కి, నడిమధ్యలో మునగబోయి తప్పించుకున్నారు. దాంతో మేమందరం ఉప్మా పళ్ళేలు పక్కన పెట్టి ఒక రూలు చేశాం. గోదావరిలో ఎర్రనీరు కనిపించిందా, అంటే వరద మొదలైందా, ఇక కమిటీలో ఎవరో ఒకరు సరేనంటే తప్ప పడవ రేవు కదలకూడదు. ఒడ్డున కూర్చున్నవాడికి ఈత బాగానే వస్తుంది కదా. మేం కూర్చున్న ఒడ్డు పంజాగుట్ట.

ఆ ఏడు శ్రావణంలో ఒళ్ళు బాగోక ఆఫీసుకు సెలవు పెట్టి గదిలో పడుకుని ఉండగా, మధ్యాహ్నం ఖాలా కింద నుంచి కేకేసింది. ఊరి నుంచి ఫోను. లంకలో ఉన్నది ఒకటే ఫోను, పోస్టాఫీసులో, అదీ వానొస్తే గురగురలాడేది. ఆ గురగుర మధ్య ఒక మగగొంతు, "సెక్రటరీ గారాండి?" అంది. నన్ను పుట్టినప్పటి నుంచీ బుల్లీ అనీ ఒసేయ్ అనీ తప్ప పిలవని అన్నయ్య గొంతు అది. చుట్టూ ఊరు ఊరంతా నిలబడి వింటోందని నాకు ఆ 'అండి'తోనే తెలిసిపోయింది.

విషయం ఇది. చివరి వీధిలో ఉండే ఒక అమ్మాయికి నొప్పులు మొదలై ఒక రోజు దాటింది. బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని ఇక నావల్ల కాదంది. అవతలి ఒడ్డున ఆసుపత్రి ఉంది. మధ్యలో గోదావరి ఎర్రగా, చెట్లూ పాకల కప్పులూ మోసుకుంటూ పోతోంది. "పడవ తియ్యమంటారా వద్దంటారాండి? కమిటీవారు ఏమంటారండి?" అన్నాడు.

కాసేపట్లో మళ్ళీ చెయ్యమని ఫోను పెట్టేశాను. బాబాయి కొట్టుకు చేస్తే, సరుకు కోసం ఎటో వెళ్ళాడు, ఎప్పుడొస్తాడో తెలీదన్నారు. సెక్రటరీ సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. షిఫ్టులో ఉన్న మనిషిని పిలవడం కుదరదని గేటు దగ్గరే చెప్పేశారు. మిగిలిన వాళ్ళకు ఫోన్లు లేవు. అంటే ఆ పూట కమిటీ అంటే నేను. పడవ మునిగితే పోయేవాడు నన్ను పెంచిన అన్నయ్య. వదినా ఇద్దరు పిల్లలూ ఆ రేవులోనే నిలబడి ఉంటారు. పడవ కదలకపోతే ఆ అమ్మాయి బతకదు. ఇంత భయం ఒక మనిషి ఒంట్లో పడుతుందని అప్పటిదాకా నాకు తెలీదు.

ఫోను మళ్ళీ మోగింది. నేను తీసి, "నువ్వేమంటావు అన్నయ్యా?" అన్నాను. "నేననేదేముందండి, రూలు మీది," అన్నాడు. వెనకాల ఎవరో ఆడమనిషి శోకండాలు పెడుతోంది. ఆ ఏడుపే నా చేత అనిపించిందో, పిరికిదాన్నని ఊరు అనుకుంటుందనే పంతమే అనిపించిందో, ఈనాటికీ చెప్పలేను. "వెళ్ళు" అన్నాను. అవతల నుంచి, మా గోదావరి వాళ్ళు అవునని చెప్పడానికి అనే "ఆయ్" ఒకటి వినిపించింది. లైను తెగిపోయింది.

ఆ మధ్యాహ్నం నుంచి ఆ ఫోను ముందు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటే బతికే ఉంది, పోస్టాఫీసుకు కలిపితే మాత్రం అక్కడ మోగడమే లేదు. పక్క హాస్టల్లో ఆడపిల్లలు ఏదో నవ్వుకుంటున్నారు. సందులోకి పంపునీళ్ళు వచ్చి ఎవరి బకెట్టో నిండి పొర్లిపోతుంటే, ఆ చప్పుడుకు నేను చెవులు మూసుకున్నాను. ఖాలా వచ్చి నా పక్కనే నేలమీద చతికిలబడి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, నీ అన్న నీళ్ళల్ల పెరిగిన మనిషి. జర చాయ్ తాగు," అంది. కానీ ఆ మాట అంటూనే రిసీవరు ఎత్తి తానే చెవి దగ్గర పెట్టుకుని చూసింది. నాకు ధైర్యం చెబుతున్న మనిషే భయపడుతోందని చూశాక ఆ చాయ్ అక్కడే వదిలేశాను.

సాయంత్రం సంగతి తెలిసి బాబాయి పరుగున వచ్చాడు. మీటింగుల్లో బల్ల గుద్ది మాట్లాడే మనిషి, నేను చెప్పిందంతా విని మెట్లమీద కూలబడ్డాడు. "నేను కొట్లో ఉండి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలీదమ్మా, నేను లేకపోవడమే మంచిదైంది," అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు, ఇంకొంచెం భయం వేసింది.

మర్నాడు పొద్దున్న అవతలి ఒడ్డు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం. కొట్టుకొచ్చిన దుంగ తగిలి పడవ పక్కచెక్క పగిలిందట, అన్నయ్య చెయ్యి విరిగిందట, అయినా ఒంటిచేత్తోనే ఒడ్డుకు చేర్చాడట. ఖాలా వీధిలో అందరికీ చక్కెర పంచింది. నేను ఏడ్చి ఏడ్చి నిద్రపోయాను.

ఆ నెలలోనే చెయ్యి చూపించుకోవడానికి అన్నయ్య హైదరాబాదు వచ్చాడు. నా గదిలో మంచమ్మీద కూర్చుని, అన్నం తిని, చాలాసేపు కిటికీలోంచి సందులోకి చూశాడు. ఆ తరవాత నా వైపు తిరగకుండానే అన్నాడు. "నువ్వు వద్దంటావనే ఫోను చేశానే బుల్లీ. జడిసిపోయాను. నా నోటితో రానని ఆ పిల్ల అమ్మకి ఎలా చెప్పను? కమిటీ వద్దందంటే ఎవరూ ఏమీ అనరు కదా అనుకున్నాను."

ఎంత వరదలోనైనా పాట పాడుతూ పడవ నడిపే అన్నయ్యకు భయం ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. అన్నయ్యను గోదావరిలోకి పంపిన రోజుకంటే ఆ మాట విన్న రోజే నాకు ఎక్కువ భయం వేసింది.

ఇప్పుడు మా లంకకు వంతెన ఉంది. నొప్పులొస్తే కారొస్తుంది, వరదొస్తే ఫోనులోనే ముందుగా చెబుతారు. ఎవరూ ఎవరి మాట కోసమూ రేవులో నిలబడి ఎదురుచూడక్కర్లేదు. ఇలా కావాలనే కదా మేం అన్నేళ్ళు అర్జీలు పట్టుకు తిరిగాం, అయినా ఒకరి ప్రాణానికి ఇంకొకరు ఇంతగా వణికిపోయిన కాలం కూడా ఆ పడవతోనే పోయిందేమోనని దిగులేస్తుంది. అన్నయ్య పోయి చాలా ఏళ్ళయింది, పండు వయసులో, పొడినేల మీద, నిద్రలో. ఆనాడు నేను వద్దని ఉంటే ఆ అమ్మాయి బతికేది కాదు. అది నాకు తెలుసు, అన్నయ్యకూ తెలుసు. అయినా వాన ముసురు పట్టిన రోజున ఒంటరిగా ఉంటే, "వద్దులే అన్నయ్యా, నువ్వు వెళ్ళకు" అని ఒక్కసారి పైకే అంటాను. కమిటీగా కాదు, చెల్లెలిగా.