చేసుకోకముందే వచ్చిన ఫోన్

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, వానాకాలంలో, వరంగల్‌లోని ఒక సర్కారు దవాఖానలో క్లినికల్ సైకాలజిస్టుగా చేరాను. అదే నా చివరి పోస్టింగు. మందులు రాయడం సైకియాట్రిస్టు పని. మాటలతో, సాధనతో నడవడిని మార్చడం మా పని. అక్కడ డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ మొదలుపెట్టాను. బాధ నిజమేనని ఒప్పుకుంటూనే, దాన్ని తట్టుకునే తీరును మార్చే పద్ధతి అది.

ఆ చికిత్సకు వచ్చినవాళ్ల మొదటి బృందంలో సునీత ఉంది. వర్ధన్నపేట అమ్మాయి, హన్మకొండలో బట్టల షాపులో సేల్స్‌గర్ల్. ఎవరైనా చిన్న మాటన్నా తట్టుకోలేక తనను తాను గాయపరచుకునేది. రెండుసార్లు అడ్మిట్ అయింది. ఆమె తల్లి మరియమ్మ నా ముందే, "ఉత్త నాటకాలు మేడం" అంది.

సునీతకు ఒక నియమం చెప్పాను: గాయం చేసుకున్నాక కాదు, చేసుకోకముందే నాకు ఫోన్ చేయాలి. గుండె జబ్బేమీ లేదని డాక్టరు చూశాక, ఊపిరి బిగబట్టి చల్లటి నీళ్లలో కాసేపు ముఖం ముంచడం సాధన చేయించాను. అలా చేస్తే గుండె వేగం తగ్గి, ఉద్రేకం దిగుతుంది.

"కోపమే లేనప్పుడు గిదెందుకు మేడం?" అని నవ్వేది.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం, ఓపీ నడుస్తుండగా ఫోన్ మోగింది.

"మేడం, చర్చిల శుక్రవారం ప్రార్థనల అందరి ముందు మా అమ్మ నా దవాఖాన ముచ్చట చెప్పింది. పానం ఆగుతలేదు. ఇంకా ఏం చేసుకోలే."

"మంచి పని చేసినవ్ బిడ్డా. నీళ్లు పట్టు. నేను లైన్లనే ఉంట."

బకెట్ చప్పుడు వినిపించింది. మూడుసార్లు ముంచింది. పావుగంటకు గొంతు కుదుటపడింది.

మర్నాడు తల్లితో ఏం చెప్పాలో ఇద్దరం కలిసి సాధన చేశాం: ముందు జరిగింది, తర్వాత తనకు అనిపించింది, చివరికి తనకు కావలసింది. సాయంత్రం సునీత తల్లికి అలాగే చెప్పింది. "గిట్ల చెప్తే నాకెర్కయితది గదా బిడ్డా" అందట మరియమ్మ. తర్వాతి సెషన్‌కు తనూ వచ్చింది.

కేస్ షీట్‌లో 'ముందే ఫోన్ చేసింది' అని రాసి, కింద గీత గీశాను. అలా గీయడం మా పద్ధతి కాదు. అయినా గర్వంగానే గీశాను. చెడ్డ రోజులు తర్వాత కూడా వచ్చాయి కానీ, నేను రిటైరయ్యే దాకా సునీత మళ్లీ అడ్మిట్ కాలేదు.

ఉద్వేగాన్ని అదుపు చేసుకోవడం ఎవరికైనా నేర్పవచ్చు. అయితే మనసు నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే నేర్పాలి.