గల్లీల పట్టిన క్యాచ్

మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట బస్సులో సీటు దొరకడం మా కాకినాడ వంశ చరిత్రలోనే తొలిసారి. పక్కన ఒక ముసలి నేతగాడు, ఆయన పక్కన భార్య. నేను ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూడగానే తాత విడిచిన నిట్టూర్పుకు కిటికీ అద్దాలు వణికాయి.

“ఫోన్ల ఏముంటది సారూ. రేడియోల ఒకాయన ఆట చెప్తుండె. గాయన సచ్చిపోయినంక నేను ఆటనే ఇడిసిపెట్టిన.”

“గాయన గొంతు ఇనంగనే మగ్గం ఆపేటోడు,” అంది అవ్వ. “గాయనతోనే సంసారం చేసిండు, నాతోని కాదు.”

తాత ఆమెను పట్టించుకోలేదు. “క్యాచ్ గల్లీల పట్టిండని చెప్పేటోడు. గంత మంది జనంల గోడ దుంకి, గల్లీలకు ఉరికి పట్టుడంటే మాటలా సారూ?”

నాలోని మహాపండితుడు ఊరుకుంటాడా? “తాతా, ఆ గల్లీ వీధి కాదు. మైదానంలోనే ఒక చోటు పేరు,” అన్నాను.

తాత ముఖం వాడిపోయింది. “అంటే గాయన నాకు ఇన్నేండ్లు అబద్ధం చెప్పిండా?”

కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి నావైపు చూశాడు. ఇంకొక్క మాటంటే నన్ను దేవరకద్రలో దించి, నా మీదుగానే బస్సు పోనిచ్చేలా ఉన్నాడు.

“ఆయన చెప్పింది నిజమే తాతా,” అన్నాను గబగబా. “అప్పట్లో వీధిలోకే పరిగెత్తేవారు. ఇప్పుడే లోపల పట్టేస్తున్నారు.”

తాత భార్యవైపు తిరిగాడు. “ఇన్నవా? గీ కాలపు పోరగాండ్లకు గల్లీ దాక ఉరికే ఓపిక ఏడిది!”