విమానాల మైదానానికి మామగారి పేరు

మా మామగారి పేరు నేను ఈ జన్మలో ఒక్క రోజే నోటితో అన్నాను. అదీ మెల్లగా కాదు. విమానం ముందు నిలబడి, మా వీధి ఆడవాళ్ళందరూ వింటుండగా గొంతు చించుకుని అరిచాను. ఆ సంగతి రాయమని మా మనవరాలు ఈ నోటు పుస్తకం ఇచ్చింది. నేను చదివింది ఐదో క్లాసు. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. రెండు రోజులు పుస్తకం తెరవటం, మూయటమే సరిపోయింది. ఆయన పేరు మాత్రం ఇక్కడా రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మాది గన్నవరం దగ్గర నేతవాళ్ళ వీధి. మామగారు ఆ వీధికి పెద్ద. పెద్ద అంటే ఉన్నవాళ్ళని కాదు. అందరిలాగే గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని పొద్దుగూకేదాకా నేసేవారు. కానీ ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ముందు మా గడపకే వచ్చేవాళ్ళు. యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోతే, ఆయన బెజవాడ దాకా నడిచి వెళ్ళి, ఆఫీసు మెట్ల మీద మూడు రోజులు కూర్చుని, వీధి మొత్తానికీ నూలు కార్డులు రాయించుకొచ్చారు.

విమానాలు దిగే మైదానం వేయటం మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే. సర్వేవాళ్ళు కొట్టిన సున్నం గీత సరిగ్గా మా వీధి మీదుగా పోయింది. ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. నేనప్పుడు కొత్త కోడల్ని. సామాను మూట కట్టుకోవాలా వద్దా అని అడగటానికి కూడా భయం. తెల్లదొర చూడటానికి వస్తాడన్న రోజున మామగారు వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పడుగు సాగదీయించారు. పడుగంటే బట్టకి నిలువు పోగులు. మగ్గానికి ఎక్కించే ముందు వాటిని వీధి పొడుగునా గుంజలకి కట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. దొర జీపు దిగి ఆ తెల్లటి పోగుల పక్కనే నడుచుకుంటూ చివరిదాకా వెళ్ళాడు. అప్పుడు మామగారు పక్కనున్న గుమాస్తా చేత ఇంగ్లీషులో చెప్పించారు.

"మీ విమానానికి తిన్నటి నేల ఎంత పొడుగు కావాలో మా పడుగుకీ కావాలండి దొరగారూ. మీరు కాస్త పక్కకి జరిగినా ఎగరగలరు. మేం జరిగితే నేయలేం."

దొర నవ్వాడు. వారం తిరిగేసరికి సున్నం గీత అవతలి బీడు వైపు జరిగింది. మా వీధి ఉండిపోయింది.

యుద్ధం అయిపోయి సిపాయిలు వెళ్ళిపోయాక ఆ మైదానంలో మేకలు తిరిగేవి. ఇక అంతే అనుకుంటుంటే ఊరికి ఒక ఉత్తరం వచ్చింది. మద్రాసు నుంచి ఒక ఆఫీసరు గారు విమానంలో వచ్చి మైదానం చూస్తారట. దానికి ఊళ్ళో మంచి పేరున్న పెద్దమనిషి పేరు పెట్టుకోవచ్చట. ఆ పేరు ఆ రోజే రాసుకుని పోతారట. చెప్పకపోతే ఊరి పేరే రాసేస్తారట. మా బడి మాస్టారు రచ్చబండ దగ్గర ఉత్తరం చదివి ముగించకముందే జనం మామగారి పేరు అరిచేశారు. నేను ఇంట్లో గిన్నెలు తోముతూ ఆ కేక విన్నాను. ఒళ్ళంతా జల్లుమంది.

మామగారికి మాత్రం కోపం వచ్చింది. "బతికున్నోడి పేరు బోర్డుకెక్కిస్తారా? నేనేమన్నా పోయానా? మీరేమన్నా చేసుకోండి, నేను ఆ ఛాయలకి రాను" అన్నారు. అన్నట్టే ఆ రోజు పొద్దున్నే మగ్గంలో దిగి కూర్చున్నారు.

విమానం మధ్యాహ్నానికి వస్తుందని చెప్పారు. పేరు రాసిన అర్జీ మాస్టారి దగ్గర ఉంది. దాని మీద ఎవరిదో సంతకం కోసం ఆయన బెజవాడ వెళ్ళారు. బొగ్గుతో నడిచే బస్సులో తిరిగి వస్తారు, బాజా మేళం కూడా ఆ బస్సులోనే. వాళ్ళకి ఎదురెళ్ళాలని మగవాళ్ళందరూ దండలు పట్టుకుని పెద్ద రోడ్డు మీదకి పోయారు. మా ఆయన కూడా పోయారు. మైదానంలో ముగ్గులు వేసే పని మాది.

"విమానం దిగేచోట ముగ్గెందుకే? చక్రాల కింద నీ పద్మం పచ్చడైపోద్ది" అంది మా తోడికోడలు.

"గడపలో ముగ్గు లేకుండా చుట్టాన్ని రానిస్తామా? ఇదీ అంతే. నోర్మూసుకుని చుక్కలు పెట్టు" అన్నారు మా అత్తగారు.

నల్లటి తారు మీద ముగ్గు ఎంత బాగా కనపడిందో! ఇంటి ముందు వేసినదానికీ దీనికీ పోలికే లేదు. నాలుగు పద్మాలు పూర్తయ్యాయో లేదో గుణదల కొండ వైపు నుంచి జుయ్యిమని మోత. మధ్యాహ్నం కావటానికి ఇంకా చాలా టైముంది. మేకలు ఒక దిక్కు, మేమొక దిక్కు పరిగెత్తాం. ఒకామె ముగ్గుపిండి గిన్నె నెత్తి మీద బోర్లించుకుని పరిగెత్తింది. విమానం మా పద్మాల మీదుగానే వచ్చి ఆగింది. ఇంజను ఆగాక గాని మేం కళ్ళు తెరవలేదు.

టోపీ పెట్టుకున్న ఆఫీసరు గారు చిన్న పుస్తకం పట్టుకుని దిగారు. తెలుగాయనే. "మగవాళ్ళెవరూ లేరా అమ్మా?" అన్నారు.

"రోడ్డు మీదున్నారండి, మీకోసమే" అన్నారు అత్తగారు కొంగు సర్దుకుంటూ.

"నేను పైనుంచి వస్తుంటే రోడ్డు మీదేం చేస్తున్నారు?"

ఆయన తూర్పు దిక్కు చూశారు. మబ్బు కమ్ముకొస్తోంది. "వానకి ముందే వెళ్ళిపోవాలి. పావుగంట ఉంటాను. మైదానానికి ఏం పేరు అనుకున్నారు? చెప్పండి, రాసుకుంటాను" అంటూ పెన్సిల్ తీశారు.

అప్పుడు తెలిసింది మాకు, మేం చేసిన పొరపాటు. పేరు నోటితో అనగలిగినవాళ్ళందరినీ రోడ్డు మీదకి పంపేశాం.

ఆయన పెన్సిల్ తో తోడికోడల్ని చూపించి "మీరు చెప్పండి" అన్నారు.

"అమ్మో! మామగారండి."

"పోనీ మీరు?" అని పక్కింటామెని అడిగారు.

"నాకు బావగారు వరసండి. ఎట్టా అంటాను?"

"మీరు పెద్దవారు, మీరు చెప్పండమ్మా" అన్నారు అత్తగారితో.

అత్తగారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "నాకింకా దగ్గరండి."

మా వీధిలో ఆడవాళ్ళందరికీ ఆయన మామో బావో అవుతారు. భర్త పేరూ, ఆ వరసవాళ్ళ పేర్లూ మేం నోటితో అనం. చిన్నపిల్లల్ని అడిగితే "తాతయ్య!" అని అరిచారు.

"తాతయ్య అని రాసుకోమంటారా?" అన్నారు ఆఫీసరు గారు. ఆయనకి నవ్వొస్తోంది, కంగారూ వస్తోంది. "ఆయన్నే పిలవకూడదూ?"

"రారండి. అలిగి మగ్గంలో కూర్చున్నారు."

"అయితే ఊరి పేరే రాసుకుంటానమ్మా. నన్నేం చేయమంటారు?"

అప్పుడు అత్తగారు నా రెక్క పట్టుకుని ముందుకి లాగారు. "ఇది ఐదు చదివిందండి. రాసిస్తుంది."

"రాస్తే అన్నట్టు కాదా అత్తయ్యా?" అన్నాను చిన్నగా.

"నోటితో అనకూడదన్నారు. చేతి సంగతి ఎవరూ చెప్పలా. రాయవే!"

ఆయన పెన్సిల్ ఇవ్వబోయారు. నా చేతిలో ముగ్గుపిండి ఉంది. పెన్సిల్ పట్టి ఎన్నేళ్ళయిందో, చెయ్యి వణికితే అక్షరం కుదరదని భయం. పిండితో అయితే వణకదు. తారు మీద వంగి మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం మనిషంత. పక్కనుంచి ఆడవాళ్ళు "ఆ కొమ్ము ఇంకొంచెం లాగు", "సున్నా గుండ్రంగా పెట్టవే" అంటున్నారు. వాళ్ళలో ఒక్కరికీ చదవటం రాదు! ఇంటిపేరుతో సహా రాశాను. ఆఫీసరు గారు ఆ తెల్లటి అక్షరాల పక్కనే నడుచుకుంటూ చదువుకుంటున్నారు. ఆనాడు దొర మా పడుగు పక్కన నడిచినట్టే అనిపించింది.

ఇంతలో విమానం తోలే ఆయన లోపలి నుంచి ఏదో కేకేసి, ముందున్న పంకా తిప్పేశాడు. ఒక్కటే గాలి. మామగారి పేరు నేల మీద నుంచి లేచి మా మొహాన పడింది. జుట్టు, చీర, కనుబొమ్మలు అన్నీ తెల్లగా అయిపోయాయి. ఆఫీసరు గారు టోపీ పట్టుకుని విమానం మెట్టెక్కారు. "సగమే రాసుకున్నా! మిగతాది ఏంటమ్మా?" అని అరుస్తున్నారు.

ఇక నేనేమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే నోరు పెగిలేది కాదు. అరిచేశాను, మొత్తం పేరు, ఇంటిపేరుతో సహా.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి అడ్డంగా తలూపారు. ఇంజను మోతలో వినపడలేదు. మళ్ళీ అరిచాను. ఈసారి నా వెనక నుంచి ఇంకో గొంతు కలిసింది. బొంగురు గొంతు. తిరిగి చూస్తే మా అత్తగారు! కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి, కాపురానికి వచ్చిన నాటి నుంచీ అనని పేరు అరుస్తున్నారు. అంతే, ఇక మిగతావాళ్ళు ఆగలేదు. మామా లేదు, బావా లేదు. అందరం ఒక్కసారి, ఒక్క గొంతుతో. ఆఫీసరు గారు రాసుకుని పెన్సిల్ పైకెత్తి ఊపారు. విమానం తిరిగి, ఉరికి, లేచిపోయింది. మేం ఎగిరి గంతులేశాం. నిజంగా వేశాం, ముసలివాళ్ళతో సహా.

మేళంతో, దండలతో, అర్జీతో మగవాళ్ళు చేరేసరికి విమానం చుక్కంత అయింది. తెల్లటి దయ్యాల్లా ఉన్న మమ్మల్ని చూసి మా ఆయన "ఏమైంది, పేరు ఎవరు చెప్పారు?" అని అడిగారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వటమే.

ఇంటికి వచ్చేసరికి మగ్గం చప్పుడు లేదు. మామగారు అడ్డపోగు తోసే నాడె చేత్తో పట్టుకుని అట్టాగే కూర్చుని ఉన్నారు.

"ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టుంది. ఆడగొంతులు" అన్నారు.

అత్తగారు కాళ్ళు కడుక్కుంటూ, తల ఎత్తకుండా అన్నారు. "మిమ్మల్ని ఎవరు పిలిచారు? మేం మా మైదానాన్ని పిలుచుకున్నాం."

నాడె మళ్ళీ ఆడింది. తర్వాత ఆయన నేస్తున్న ఆ చీర మగ్గం నుంచి కోసినప్పుడు చూశాను. ఆ పూట నేసిన జానెడు మేర నాలుగుచోట్ల పోగు తప్పింది. ఆయన నేతలో పోగు తప్పటం అంతకుముందు నేను చూడలేదు.

కొన్నాళ్ళకి రేకు బోర్డు వచ్చింది. దాని మీద మామగారి పేరు నల్లరంగుతో ఉంది. బస్సువాళ్ళు కూడా అక్కడి స్టాపుకి ఆ పేరే అనటం మొదలుపెట్టారు. దాంతో మాకు కొత్త చిక్కు వచ్చింది. ఆ రోజంటే విమానం తొందర. మామూలు రోజుల్లో నోరెట్టా వస్తుంది? ఒకసారి నేనూ అత్తగారూ బెజవాడలో బస్సెక్కాం. రోజూ మా ఊరి దారిన తిరిగే కండక్టరు "ఎక్కడికమ్మా?" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అత్తగారు కొంగు సర్దుకుని, బస్సంతా వినపడేట్టు చెప్పారు.

"మా ఆయన దగ్గర దింపు నాయనా."

కండక్టరు ఇంకో మాట అడగకుండా రెండు టిక్కెట్లు చింపి ఇచ్చాడు.