చెక్కగదికి వేసిన చీటీలు

కింది ఫ్లాటులో తలుపులకు వార్నిష్ వేస్తున్నారు. ఆ ఘాటు కిటికీలోంచి పూజగదిలోకి వచ్చి అగరొత్తుల వాసనను మింగేసింది. జపంలో మనసు నిలవలేదు. సులోచన టీచరమ్మ కళ్ళముందు మెదిలింది.

బడి నుంచి రిటైరయ్యాక ఆమె కాప్రాలో మా సత్సంగానికి గీత చెప్పేది. నాకు శ్లోకం నోటికి పట్టించింది, అర్థం బుర్రకెక్కించింది ఆమే. ఆ రోజుల్లో చెరువు దగ్గర సత్సంగానికి ఒక చెక్కగది కట్టుకున్నాం. టేకు పలకలు ఇచ్చింది నాగభూషణం గారు. శ్రీకాకుళం నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డ ఆయనదే మా భజనల్లో పెద్ద గొంతు. గది లేచిందో లేదో, అకాల వానకు పలకలన్నీ తడిసిపోయాయి. తర్వాత ఎండ కాసింది. పైకి ఆరినట్టే కనిపించాయి. ఏకాదశికి ప్రవేశం. అసలు వానలు తరుముకొస్తున్నాయి. బయటి గోడలకు ఏ పూత వేయాలన్న దగ్గర పేచీ వచ్చింది. నాగభూషణం గారు మెరిసే వార్నిష్ అన్నారు. మిగతావాళ్ళం చెక్కలోకి ఇంకే నూనె అన్నాం. మాటా మాటా పెరిగింది. చివరికి మా అలవాటు ప్రకారం రెండు చీటీలు రాసి కృష్ణుడి పటం ముందు వేశాం. వార్నిష్ వచ్చింది.

ఆ రోజు టీచరమ్మ ఊళ్ళో లేదు. మర్నాడు ఆమె వచ్చేసరికి డబ్బా మూత తీస్తున్నారు. పలక మీద అరచెయ్యి ఆనించి, "ఇయ్యాల ఏ పూతా వద్దు. లోపల తడి ఉన్నది," అంది.

నాగభూషణం గారి ముఖం ఎర్రబడింది. "ఏటమ్మా ఇది? దేవుడు చెప్పేశాక మళ్ళీ మీరు చెప్పడమేటి? ఆయన మాటే కాదంటే ఇక మాకు గీతేం చెబుతారు?"

చీటీని కాదనడం దైవధిక్కారమని నేనూ నమ్మేవాణ్ణి. ఆ పూటతో ఆమె మాకు గురువుగా మిగలదేమో అనిపించింది. ఆమె నా వైపు తిరిగింది.

"ఎన్ని చీటీలు వేసిన్రు?"

"రెండు."

"ఆగాలె అని ఒకటి రాసిన్రా?"

"లేదు టీచరమ్మా."

"మనం రాయనిది ఆయన ఎట్ల తీస్తడు బిడ్డా?"

ఎండ పడుతున్న పలకకు ఒక ప్లాస్టిక్ కవరు ఆనించి, అంచులన్నీ టేపుతో మూసింది. "జెర భజన షురూ చెయ్యుర్రి," అంది.

పాడాం కానీ కళ్ళన్నీ కవరు మీదే. నాగభూషణం గారు పెదవి కదపలేదు. హారతి ఇవ్వకముందే కవరు లోపల మసకబారి, నీటి చుక్కలు పట్టాయి.

"ఈ తడిని లోపలేసి మూసేస్తే చెక్క కుళ్ళుతది," అంది టీచరమ్మ.

"మరి ముహూర్తం?" అన్నారు నాగభూషణం గారు.

"ముహూర్తం గదికి. పూతకు గాదు."

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఉత్త పలకల మధ్యే ప్రవేశం జరిగింది. వానలున్నన్నాళ్ళూ గోడలకు గాలి ఆడేలా టార్పాలిన్లు ఎడంగా కట్టి కాచుకున్నాం. "వార్నిష్ దొర ఇంకా అలకలోనే ఉన్నాడా?" అని ఎవరో నవ్వితే టీచరమ్మ కసిరింది. "నవ్వకుర్రి. మీరు ఆనుకొని కూసున్నది ఆయన ఇచ్చిన చెక్కనే."

చలికాలంలో మళ్ళీ కవరు అంటించి చూస్తే చుక్క నీరు పట్టలేదు. మిగతావాళ్ళం కోరిన నూనే తెచ్చాం. అయినా టీచరమ్మ డబ్బా తెరవనివ్వలేదు. నన్ను వెంటబెట్టుకుని అల్వాల్ వెళ్ళింది.

"భూషణమయ్యా, చెక్క ఆరింది. మొదటి చెయ్యి నువ్వే వెయ్యాలె."

"దేవుడి మాట కాదన్నారు కదండీ!"

"అన్న. తప్పయితే నా మీదనే పడనీ. నువ్వు రాక మా పాట సగమయింది."

ఆయన వచ్చారు. "ఈ నూనెకి మెరుపేదీ?" అని గొణుగుతూనే కుంచె పట్టారు.

టీచరమ్మ ఇప్పుడు లేదు. ఏదైనా కోరుతూ దేవుడి ముందు కూర్చున్నప్పుడు, ఆయన ముందు పెట్టకుండా నేను దాచుకున్నదేమిటా అని వెతుక్కుంటాను. చాలాసార్లు దొరుకుతుంది.