బెల్టు ఊడదీసిన కుట్టుమిషను

మొదటి పిల్ల ఎనిమిదో నెలలోనే పుట్టినప్పుడు వీధి వీధంతా ఒకటే తీర్పు చెప్పింది: తల్లి మిషను తొక్కితొక్కి పిల్లను బయటికి తోసేసిందట. ఆమె చేత బట్టలు కుట్టించుకునేవాళ్లే ఆ మాటన్నారు.  ఆమె ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో ఉన్న పిల్లను చూసి వచ్చి, వాళ్ల బట్టలకే గుండీలు కుట్టింది.

మళ్లీ నెల తప్పిందని తెలిసిన రోజే అత్త మిషను బెల్టు ఊడదీసి దిండు గలీబులో దాచింది. ఆ గలీబు కుట్టింది కోడలే. చెయ్యి తగలగానే లోపల బెల్టుందని ఆమెకు తెలిసిపోయింది. అయినా తీయకుండా, తెలియనట్టే అడిగింది.

"బెల్టు ఎక్కడుంది అత్తయ్యా?"

"కాన్పయ్యాక అదే దొరుకుతుందిలే. అప్పటిదాకా నీ కాళ్లకి సెలవు."

"కాళ్లేం తప్పు చేశాయని?"

"చేశాయో లేదో చెప్పడానికి నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదుగా. అందుకే వెళ్లి అడుగుదాం. మీరూ రండి."

ఇద్దరూ వెళ్లారు. డాక్టరమ్మ మొదటి కాన్పు గురించి అడిగింది.

"ఆపరేషనండీ. చాలాసేపు నొప్పులు పడ్డాను. ముక్కమంటే ముక్కాను. ఇక రాదనుకున్నాక కోశారు."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఒకసారి ముందే కాన్పయితే మళ్లీ అలా జరిగే భయం ఎక్కువేనమ్మా. పైగా గర్భసంచి ద్వారం పూర్తిగా తెరుచుకున్నాక ఆపరేషన్ చేస్తే, కోత గర్భసంచి మెడ దగ్గర పడొచ్చు. తర్వాతి కాన్పుకి ఆ మెడ కొందరిలో బలహీనపడుతుంది. అందరికీ అలా కాదు. మెడ పొడవు స్కానింగులో కొలుస్తూ ఉందాం."

"మరి మిషనో?" అంది అత్త.

"మిషను తొక్కడం వల్లే అలా అయిందనడానికి ఆధారం లేదండీ."

"ఈ మాట నాకు ఆ కాన్పప్పుడే ఎవరూ ఎందుకు చెప్పలేదండీ?" అని కోడలు మెల్లగా అడిగింది.

"చెప్పాల్సింది," అంది డాక్టరమ్మ.

కొన్ని వారాలకు మెడ కురచ అవుతున్నట్టు స్కానింగులో కనబడింది. అది ముందే తెరుచుకోకుండా అక్కడ కుట్టు వేయాలన్నారు.  పెద్దపిల్ల పడుకున్న అద్దాలపెట్టె కోడలి కళ్లముందు కదిలింది. అయినా అడిగింది: "దారం గట్టిదేనాండీ? తెగిందంటే మా వీధిలో నా పరువు పోతుంది." అత్త నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది.

కాన్పు ఎలా చేయాలో కూడా ఈసారి డాక్టరమ్మ ముందే ఆమెతో కూర్చుని మాట్లాడింది. నెలలు నిండాకే మగపిల్లాడు పుట్టాడు. ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది.

"మిషను ఎక్కనివ్వలేదు కాబట్టి నిలబడ్డాడు," అంది చూడవచ్చిన పొరుగింటామె.

"నిలబెట్టింది కుట్టు. వెళ్లి అడిగింది నా కోడలు. మిషనుకి ఊరికే అడ్డం పడింది నేను," అంది అత్త. లేచి గలీబులోంచి బెల్టు తెచ్చి మిషను ముందు కూలబడింది. ఊడదీయడం వచ్చింది గానీ తగిలించడం రాలేదు. మంచం మీంచి కోడలు చెబుతుంటే, చక్రం తిప్పుతూ ఎలాగో ఎక్కించింది.

మీ ఇంట్లో ఎవరికైనా నెలలు నిండకుండా కాన్పయి ఉంటే, ఆమె నడకనీ పనినీ తప్పుపట్టకండి. మళ్లీ కడుపుతో ఉందని తెలిసిన వెంటనే ఆమెతో ఆసుపత్రికి వెళ్లండి. మొదటి కాన్పు ఎలా జరిగిందో, ఆపరేషన్ ఏ దశలో చేశారో డాక్టరుకు చెప్పండి, ఇప్పుడేం చూసుకోవాలో అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.