చిన్నాయన పెద్ద ఫ్లాపీలు

మొన్న కంప్యూటరు బాగుచేయడానికి వచ్చినతను డబ్బా విప్పి, లోపలున్న ఒక కార్డును చూపించి, "యే కిస్ లియే హై, నికాల్ దూఁ?" అన్నాడు, ఇదెందుకు, తీసేయనా అని. ఉండనీ అన్నాను. పాత ఫ్లాపీ డ్రైవును కొత్త కంప్యూటరుకు కలిపే కార్డు అది. మా చిన్నాయన కోసం తెప్పించాను.

చిన్నాయన సూరత్ మగ్గాలకు చీర అంచుల డిజైన్లు గీసేవాడు. ఆయన తొలి పదేళ్ళ పనంతా అరచేతికన్నా పెద్దవైన నల్ల ఫ్లాపీల్లో ఉండిపోయింది. కరోనా రెండో ఏడు మార్కెట్లు మూతబడినప్పుడు, వాటిని కొత్త కంప్యూటరులోకి ఎక్కిస్తే ఇంట్లో కూర్చునే పని చేసుకోవచ్చని ఆయనకు ఆశ పుట్టింది. కార్డు చేరగానే నేనే ఫోన్ చేసి, సూరత్‌లోనే నవాగామ్ నుంచి గోడాదరాలోని మా ఇంటికి రమ్మన్నాను. ఆ ఉదయం నాకు ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. మాత్ర వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన రాడు.

ఎప్పుడూ మగ్గాల మోతకు అదిరే మా గోడలు ఆ వారం కదలలేదు. వీధిలో అంబులెన్సుల కూత ఒక్కటే. నేను కేబుల్ తగిలించగానే డ్రైవు లైటు వెలిగి, ఇక ఆరనేలేదు. "ఏందే, ఉల్టా పెట్టినవ్! జర తిప్పి పెట్టు," అన్నాడు చిన్నాయన. తిప్పి పెట్టాక డ్రైవు గరగరలాడి, తెర మీద ఫైళ్ళ పేర్లు వచ్చాయి. చిన్నాయన కంప్యూటరుకు దండం పెట్టాడు. అది మధ్యలో ఆగిపోతే అదే కంప్యూటరును గుజరాతీలో తిట్టాడు. ప్రతి ఫ్లాపీనీ కిటికీ వెలుగులో పరీక్షగా చూసి, తెల్లమచ్చ కనిపిస్తే దూరంగా పెట్టేవాడు. "గిది బూజు పట్టింది బిడ్డా. దీన్ని పెడితే డ్రైవు ఖరాబైతది, ఆ వెనక పెట్టినవన్నీ గీసుకపోతయ్." నేను తల ఊపాను. ఊపిరాడక మాస్కు అప్పటికే తీసేశాను. ఒకే తెర ముందు భుజాలు ఆనించుకుని రెండు రోజులు కూర్చున్నాం. దగ్గు వచ్చినప్పుడల్లా దుమ్మన్నాను. ఆయనే లేచి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

బాగున్న డిజైన్లన్నీ ఎక్కాయి. ఐదోనాడు ఆయనకు జ్వరం, పదోనాడు ఆసుపత్రి, ఆ తర్వాత ఒక ఫోన్. నాకు మాత్రం పోయిన రుచి వారంలో తిరిగివచ్చింది.

చిన్నమ్మ ఇప్పటికీ నా చేయి పట్టుకుని, "యాడ అంటుకున్నదో ఏమో బిడ్డా. ఆ రెండు దినాలు నీ తాననే జర సంబురంగ ఉన్నడు," అంటుంది. నేను ఏడుస్తాను. ఆమె ఓదారుస్తుంది. కొన్నాళ్ళు పోయాక చెబుదామనుకున్నాను. ఇప్పుడు ఆ రెండు రోజుల గురించి చెప్పాలంటే, చెప్పకుండా గడిపిన ఏళ్ళ గురించి కూడా చెప్పాలి.