అత్తమ్మ పిడికిలి

డెబ్బైల చివర్లో, పెళ్లయిన మూడేళ్లకే నా వేళ్ల కీళ్లు వాచాయి. పొద్దున లేస్తే పిడికిలి బిగిసేది కాదు. అప్పుడే కీళ్లవాతం సర్వే అంటూ స్టేషన్ ఘన్‌పూర్‌లో మా ఇంటికి ఒక డాక్టరమ్మ వచ్చింది. పిడికిలి బలం చూడ్డానికి బీపీ మిషన్ సంచిలో కొంచెం గాలి నింపి, నన్ను దాన్ని పిసకమంది. పాదరసం కదిలీ కదలనట్టుంది.

"నాటకం! రెండు బిందెల నీళ్లు తోడమన్నా గిట్లనే జేస్తది" అంది మా అత్తమ్మ, వాడకట్టంతా చూస్తుండగా.

ఆమెకు ఓడిపోవడం గిట్టదని నాకు తెలుసు. "జర మీరు పిసుకుండ్రి, అత్తమ్మా" అన్నాను.

పళ్లు బిగించి పిసికింది. పాదరసం పైకి ఎగిరింది.

"ఇంత బలముంది కదా, ఇకనుంచి నీళ్లు మీరే తోడండి. ఈ జబ్బు ముదిరితే మీ కోడలి గుండెకే ప్రమాదం" అంది డాక్టరమ్మ.

మర్నాడు బావి గిలక అత్తమ్మ చేతిలో కిర్రుమంటుంటే, నేను గడపలో కూర్చుని చాయ్ తాగాను. ఆమె మీద జాలిపడదామని ఇప్పటికీ చూస్తుంటాను. జాలి రాదు.